అండాలక్క దుకాణానికి నేను రాసిన అగ్రిమెంటు

పద్దెనిమిదేళ్ళ స్నేహాన్ని చెడగొట్టడానికి ఎంతకాలం పడుతుందని ఎవరైనా అడిగితే నేను లెక్కతో సహా చెప్పగలను. ఆరు పేజీలు, ఇరవై రెండు రోజులు. ఆ పని చేసింది ఏ పగవాళ్ళో అయితే కథ చెప్పడం సులువుగా ఉండేది. చేసింది నేను. మంచి చేద్దామనే చేశాను, రెండు రాత్రులు నిద్ర మానుకుని మరీ చేశాను. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ చాలాచోట్ల నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఒకటి రెండుచోట్ల నా గొంతు ఆగితే మాత్రం కాస్త ఓపిక పట్టండి.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్ళు. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చాను. పొద్దున అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు, సాయంత్రం లా కాలేజీ. లా మొదటి సంవత్సరం పరీక్షలు రాశాను, ఫలితాలింకా రాలేదు. అంటే నేను లాయర్ని కాను. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

మనసుపెట్టి చదివింది ఒప్పందాల చట్టం ఒక్కటే. దాంతో ఎక్కడ ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నా నాకు ఒప్పందమే కనిపించేది. రాంనగర్ మార్కెట్లో ఒకామె బెండకాయల ధర చెబితే, "అమ్మా, నువ్వు చెప్పింది ప్రతిపాదన మాత్రమే, నేను అంగీకరిస్తేనే అది ఒప్పందమైతది" అని వివరించాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, "బెండకాయలు దీస్కుంటవా, జరుగుతవా? ఎనక మంది నిలబడ్డరు" అంది. ఇద్దరు స్నేహితురాళ్ళు అప్పటికే నాతో కూరగాయలకు రావడం మానేశారు.

మేం ముగ్గురమ్మాయిలం చిక్కడపల్లిలో విమల మేడం ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాళ్ళం. మేడం ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా చేసి రిటైరై ఇరవై ఏళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. రాసింది రాసినట్టు జరగాలనేది ఆవిడ పట్టుదల. మందు సీసా మీద 'బాగా కుదిపి వాడవలెను' అని ఉంటే, ఎంతసేపు కుదపాలో రాయలేదేమని మందుల దుకాణానికి ఫోన్ చేసి అడిగే మనిషి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే, తర్వాత జరిగిన ప్రళయానికి సగం కారణం మీకు అర్థమైనట్టే. మిగతా సగం నేను.

ఆ ఇంటి కింద వీధివైపు ఒక షట్టరు. అందులో అండాలక్క లేడీస్ టైలర్ దుకాణం. నలభై ఐదేళ్ళుంటాయేమో, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉండేది. పద్దెనిమిదేళ్ళ కిందట షట్టరు కిరాయికి అడగడానికి వచ్చినప్పుడు మేడం ఆమెను అడిగింది ఒక్కటేనట. "మధ్యాహ్నం రెండింటికి నేను జర పండుకుంట. మిషను ఆపుతవా?" అండాలక్క సరేనంది. అంతే అగ్రిమెంటు. ఆ రోజు నుంచి రెండింటి నుంచి మూడింటిదాకా అండాలక్క మిషను తొక్కలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో గుట్టలుగా బట్టలున్నా సరే, ఆ గంటసేపు చేత్తో హుక్కులు, కాజాలు కుట్టుకుంటూ కూర్చునేది. నాలుగింటికి మేడం రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని కిందికి దిగేవారు. ఇద్దరూ షట్టరు ముందు మెట్టు మీద కూర్చుని వీధినంతా సమీక్షించేవారు.

ఒకరోజు మునిసిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి వీధిలోని దుకాణాలన్నీ తిరిగాడు. దుకాణం నడపడానికి లైసెన్సు లేనివాళ్ళకు చీటీలిచ్చి, నెలలోపల తీసుకొమ్మని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. అండాలక్క ఆ చీటీ పట్టుకుని మా గదికి వచ్చింది. వెనకాలే మేడం.

"సుజాతా, నువ్వు లాయర్ చదువుతున్నవు గద బిడ్డా. లైసెన్స్ కావాలంటే కిరాయి కాగితం పెట్టాల్నంట. మా దగ్గర కాగితమెక్కడిది?"

"దానికేం ఫికర్ లేదు" అన్నారు మేడం. "నారాయణగూడల ఖాదర్ సాబ్ ఉన్నడు. దస్తావేజులు రాస్తడు. మా ఇంటి కాగితాలు ఆయన రాసినవే. రేపు పోయి రాయించుకుందం."

అక్కడితో ఆ పని అయిపోయేదే. నేను నోరు తెరిచాను.

"ఖాదర్ సాబా? ఎనిమిది లైన్లు టైపు కొట్టి చేతుల పెడతడు మేడం. రేపు ఏమన్న అయితే అక్కకు రక్షణ ఏది? మీకు రక్షణ ఏది?"

"ఎవరి నుంచి రక్షణ?" అని అడిగారు మేడం. నిజంగానే అర్థంకాక అడిగారు.

ఆగిపోవాల్సిన చోటు అదే. "అన్ని పరిస్థితులకు మేడం" అన్నాను, గంభీరంగా. "మీరిద్దరు పరేషాన్ గాకున్రి. నేను రాస్త."

ఆ మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో వెతికాను. కిరాయి అగ్రిమెంటు నమూనాలు లెక్కలేనన్ని వచ్చాయి. మన రాష్ట్రానివి రెండు పేజీలకు మించి లేవు. చూస్తే నాకే జాలేసింది, ఇంత బక్క కాగితానికా నేను చదువుకున్నది అని. ఒకటి మాత్రం ఆరు పేజీలు. ముప్పై రెండు షరతులు, షరతు కింద ఉపషరతులు, అడుగడుగునా సెక్షన్ల నంబర్లు. పెళ్ళికొడుకులా ధగధగలాడుతోంది. దాని పేరు 'లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంటు'.

లైసెన్స్! అండాలక్కకు కావలసిందే లైసెన్స్. కాగితం పేరులోనే లైసెన్స్ ఉంటే మునిసిపల్ ఆఫీసువాళ్ళు ఇక ఏం అడుగుతారు? దేవుడే పంపాడనుకున్నాను.

ఆ లైసెన్సు వేరు, ఈ లైసెన్సు వేరు. నాకు దొరికింది మహారాష్ట్రలో అక్కడి కిరాయి చట్టానికి తగ్గట్టు తయారైన కాగితం. 'నువ్వు నా కిరాయిదారువి కావు, నా చోట్లో కొన్నాళ్ళు ఉండడానికి అనుమతి ఇచ్చానంతే' అని యజమాని ముందే రాయించుకునే ఏర్పాటు. అక్కడ దానికి ప్రత్యేకంగా సెక్షన్లున్నాయి, పద్ధతులున్నాయి. ఇవేవీ నాకు తెలియవు. చివరి పేజీలో పుణె అని ఉండటం చూశాను. చూసి ఏం చేశాను? పుణె కొట్టేసి హైదరాబాద్ అని పెట్టాను. ఊరి పేరు మారిస్తే చట్టం కూడా దాని వెంట మారిపోతుందని నా నమ్మకం.

గడువు దగ్గర పదకొండు నెలలని ఉంటే, అండాలక్కకు రక్షణ చాలదని ఐదేళ్ళు చేశాను. రెండు రాత్రులు కూర్చుని మొత్తం తెలుగులోకి దింపాను. నారాయణగూడలో అండాలక్క పేరు మీద వంద రూపాయల స్టాంపు కాగితం కొనుక్కొచ్చాను. మొదటి పేజీ తెలంగాణది, లోపలి సరుకంతా మహారాష్ట్రది.

సంతకాల రోజు మేడం ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు. నలభై ఏళ్ళ అలవాటు మరి.

"'లైసెన్సీ' అంటే ఎవరు?"

"అండాలక్క."

"'లైసెన్సర్' అంటే?"

"మీరు మేడం."

"నాకు పేరుండంగ గదేంది బిడ్డా?" అంది అండాలక్క.

"లీగల్ భాష అక్కా. గట్లనే ఉంటది."

మేడం మూడో షరతు దగ్గర ఆగారు. "'ఈ స్థలముపై లైసెన్సీకి కిరాయిదారు హక్కు ఏదియు ఉండదు.' ఇదేంది సుజాతా? కిరాయి కాగితమే గద మనకు కావాల్సింది?"

"అది ఫార్మాలిటీ మేడం. అన్నిట్ల ఉంటది."

తనకు అర్థంకాని షరతును ఫార్మాలిటీ అనడం ఎంత హాయిగా ఉంటుందో మీరూ ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి. వద్దులెండి, ప్రయత్నించకండి.

మేడం రెండుచోట్ల ఒత్తులు దిద్ది, ఎర్ర పెన్ను మూసి, నీలం పెన్నుతో సంతకం చేశారు. అండాలక్క నాలుక కొరుక్కుంటూ నెమ్మదిగా, పేరులో ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసింది. నాకు మిర్చి బజ్జీలు తెప్పించారు. జీవితంలో నా మొదటి ఫీజు. కారంగా, కమ్మగా ఉన్నాయి.

మూడోరోజు సాయంత్రం మేడం నన్ను పిలిచారు. చేతిలో అగ్రిమెంటు జిరాక్సు, ఏడో షరతు కింద స్కేలు పెట్టి గీసిన గీత.

"'షట్టరు తాళంచెవి ఒకటి లైసెన్సర్ వద్ద ఉండవలెను.' నా దగ్గర లేదు గద?"

"లేదు మేడం. ఉండకున్నా ఏం గాదు..."

"ఏం గాకుంటే ఎందుకు రాసినవు? సంతకం పెట్టిన నేను. నాకు అడగబుద్ధి అయితలేదు. కానీ రాసి ఉన్నది."

కిందికి దిగి అడిగారు. నేనూ వెంట ఉన్నాను. అండాలక్క కత్తెర పక్కన పెట్టింది.

"తాళంచెవా? ఎందుకు టీచరమ్మా?"

"ఏడో షరతు, అండాలూ."

"ఇన్నేండ్ల సంది షట్టరు తాళం నేనే ఏస్తున్న, నేనే తీస్తున్న. ఏమన్న పోయిందా?"

"పోయిందని నేనన్ననా? అగ్రిమెంటుల ఉన్నది."

అండాలక్క చీర కొంగుకున్న గుత్తిలోంచి రెండో తాళంచెవి విప్పి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు మేడం చేతికివ్వలేదు, కత్తిరింపుల బల్ల మీద పెట్టింది. ఆ తేడా చూశాను. చూసి కూడా, అగ్రిమెంటు పనిచేస్తోంది గదా అని లోలోపల మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మురిసిపోయిన పిల్లను రెండు పీకాలనిపిస్తుంది.

ఆ రాత్రి అండాలక్క కూడా తన జిరాక్సు కాపీ కూతురితో చదివించుకుంది. మర్నాడు నాలుగింటికి మేడం రెండు గ్లాసులతో కిందికి దిగితే, అండాలక్క తలెత్తకుండా అంది.

"లెటర్ ఏది టీచరమ్మా?"

"ఏం లెటర్?"

"తొమ్మిదో షరతు. లైసెన్సర్ లోపలికి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు రాతపూర్వకంగ చెప్పాల్నంట. నేను గాదు, సుజాతనే రాసింది."

నేను నవ్వాను. ఎవరూ నవ్వలేదు. మేడం టీ గ్లాసులు అలాగే పట్టుకుని పైకి వెళ్ళిపోయారు. అలిగి ఉంటారనుకున్నాను. అరగంటకు నన్ను పిలిచి తెల్ల కాగితం చేతిలో పెట్టారు. గుండ్రటి దస్తూరీతో ఇలా రాసి ఉంది: 'రేపు సాయంత్రము ఐదు గంటలకు టీ తాగుటకై మీ దుకాణమునకు రాదలచితిని. దయచేసి గమనించగలరు.' కింద సంతకం, తేదీ, సమయం.

ఆ నోటీసు తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. అండాలక్క దాన్ని అందుకుని, చదువుకుని, 'ముట్టినది' అని రాసిచ్చింది. మర్నాడు ఐదింటికి మేడం వచ్చారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క మాటైనా లేకుండా టీ తాగారు. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు తాగారు. ఐదుంబావుకు మేడం లేచి వెళ్ళిపోయారు. తర్వాత ఇంకో నోటీసు రాలేదు.

పద్నాలుగో షరతు చివరి దెబ్బ. 'భవనము వెలుపల లైసెన్సీ ఏ వస్తువునూ వేలాడదీయరాదు.' అది పుణెలో ఏ అద్దాల మేడ కోసమో రాసింది. ఇక్కడ అండాలక్క ఫాలు కుట్టిన చీరలన్నీ షట్టరు పక్క గ్రిల్లుకే వేలాడుతుండేవి. ఆ చీరలు చూసే కొత్తవాళ్ళు దుకాణం గుర్తుపట్టేవారు. మేడం కిందికి కూడా రాలేదు, కిటికీలోంచే అన్నారు.

"అండాలూ, చీరలు లోపల పెట్టుకో."

"ఎన్నడన్న అన్నరా ఈ మాట?"

"ఎన్నడన్న సంతకం పెట్టినమా?"

అండాలక్క చీరలన్నీ ఒక్కొక్కటే తీసి లోపల పెట్టింది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. "నేను కిరాయిదాన్ని గూడ గాదంట" అంది నాతో, గొంతు బాగా తగ్గించి. "మరి ఇన్నేండ్లు నేనెవరిని బిడ్డా ఈ ఇంట్ల?"

ఫార్మాలిటీ అని ఈసారి అనలేకపోయాను.

అయినా నాకు ఒక ఆశ ఉంది. మునిసిపల్ ఆఫీసులో లైసెన్సు వచ్చిందంటే అందరూ సంతోషపడతారు, ఈ చిన్న చిన్న అలకలన్నీ పోతాయి. ఇరవై రెండోరోజు అండాలక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను. కౌంటరు కిటికీ వెనక కూర్చున్నామె ఓపికగా ఆరు పేజీలూ తిప్పింది.

"ఇది కిరాయి కాగితం గాదు గద మేడం."

"అగ్రిమెంటే మేడం. లైసెన్స్ అగ్రిమెంట్."

"మూడో షరతు చదువున్రి ఒకసారి."

చదివాను. మా వెనకాల వరుసలో పదిమందైనా ఉంటారు. 'కిరాయిదారు హక్కు ఏదియు ఉండదు' అనేసరికి నా గొంతు నాకే వినబడలేదు.

"మరి ఈ అక్క ఆ దుకాణంల ఏ హక్కుతోని ఉన్నట్టు? మాకు అదే గద కావాల్సింది" అందామె. కోపంగా అనలేదు. "ఇంకోటి. ఐదేండ్లని రాసిన్రు, రిజిస్ట్రేషన్ చెయ్యలే. ఈ స్టాంపు కూడ సరిపోదు. ఇగో ఈ సెక్షన్ మన తాన లేనే లేదు. ఏ రాష్ట్రం చూసి రాసిన్రు?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అండాలక్క కాగితాలు తీసుకుని, మడత పడకుండా సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చాక నేను ఆటో పిలిచాను. ఎక్కడికని ఆమె అడగలేదు. నారాయణగూడ అని నేనే చెప్పాను.

ఖాదర్ సాబ్ ఒక జిరాక్సు సెంటరు మూల చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాడు. మొదటి పేజీ చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆరో పేజీ అయ్యాక నా వైపు చూశాడు.

"ఎవరు రాసిన్రు?"

"నేనే సాబ్."

"మంచిగ రాసినవ్ బిడ్డా. అక్షరం తప్పు లేదు. పుణెల అయితే నీకు సలాం కొడుదురు."

పుణె పేరు నేను కొట్టేశాను కదా, ఎలా తెలిసింది? అడిగాను.

"వాసనొస్తది" అన్నాడు. తర్వాత అండాలక్క వైపు తిరిగాడు. "చూడు బేటీ, కిరాయికి ఏ చట్టం నడుస్తది, ఎంత స్టాంపు కట్టాలె, ఇవి ఒక్కొక్క సర్కారు ఒక్కొక్క తీరు పెట్టుకుంటది. అక్కడ ఈ కాగితానికి దాని చట్టం ఉన్నది, దాని తరీక, పద్ధతి ఉన్నది. మన దగ్గర తాళం నీ చేతుల ఉండి, నెలనెల కిరాయి కడితే నువ్వు కిరాయిదారువే. కాగితం లేకున్న కిరాయిదారువే."

"కాగితం లేకున్ననా?"

"ఔ. ఈడ ఉన్న చట్టం ఇన్నేండ్లు నీ దిక్కే ఉన్నది. గీ కాగితం మీద సంతకం పెట్టి, కాదని నువ్వే చెప్పినవు."

నేను బల్ల మీద సిరా మరకలు లెక్కపెడుతున్నాను. ఏమీ రాసుకోకపోయినా చట్టం కాపాడుతూ వచ్చిన మనిషిని, నేను రక్షణ పేరుతో ఆరు పేజీలు రాసి బయట నిలబెట్టాను. తాళంచెవి కూడా ఇప్పుడు ఆమె ఒక్కదాని దగ్గరే లేదు.

"దిద్దుకోవచ్చా సాబ్?" అని అడిగాను.

"ఎందుకు దిద్దుకోరాదు? ఇద్దరు కలిసి దీన్ని రద్దు చేసుకున్నమని రాసుకోవాలె. కొత్తది పదకొండు నెలలకు రాస్త. సంవత్సరం లోపల అయితే రిజిస్ట్రేషన్ బాధ ఉండదు. గడువు అయినంక మళ్ళ రాసుకోవచ్చు. ఎంత? ఎనిమిది లైన్లు."

అదే ఎనిమిది లైన్లు. నేను వెక్కిరించినవి.

"చూసినవా అక్కా, అయిపోతది" అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది.

అండాలక్క తల అడ్డంగా ఊపింది. "కాగితం చింపొచ్చు సాబ్. టీచరమ్మ నన్ను తాళంచెవి అడిగింది. దాన్ని ఎట్ల చింపుత?"

దాన్ని చింపే తరీక ఖాదర్ సాబ్ దగ్గర లేదు. మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

ఆ సాయంత్రం మేడంకు అంతా చెప్పాను. ఆవిడ తన కాపీ తీసుకుని అప్పటికప్పుడే కిందికి దిగారు. అండాలక్క ముందే దాన్ని నాలుగు ముక్కలు చేశారు. తాళంచెవి బల్ల మీద పెట్టారు.

"తప్పు కాగితమంట అండాలూ. రేపు ఖాదర్ సాబ్ దగ్గరికి పోదం."

"వద్దు టీచరమ్మా. రాంనగర్ల మా అక్క ఇంటి ముంగట రూము ఖాళీ ఉన్నది. ఆడికి పోతున్న."

"నేను పొమ్మన్ననా?"

"అనలే. నేనే పోతున్న."

మేడం ఇంకొక్క మాట అంటే ఆగిపోయేదేమో. మేడం ఆ మాట అనే రకం కాదు. "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆవిడ ఆ మాట వెనక్కి తీసుకుంటారని అండాలక్క చూసింది. అండాలక్క కాదంటుందని ఆవిడ చూశారు. ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నాను, ఒప్పందాల చట్టంలో దీనికి సెక్షన్ లేక.

వెళ్ళేరోజు కుట్టు మిషను ఆటో ట్రాలీలోకి ఎక్కించడానికి ఒకవైపు నేనే పట్టాను. "నన్ను క్షమించక్కా" అన్నాను.

అండాలక్క నా భుజం తట్టింది. "నీ మనసుల చెడు లేదు బిడ్డా, నాకెర్కనే. వేరేటామె కొలతలతోని నాకు జాకెట్ కుట్టినవ్. కుట్టు మంచిగనే ఉన్నది. నాకు పట్టలే."

మేడం కిందికి రాలేదు. కిటికీ తెర మాత్రం కదిలింది.

ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మూడింటికి కూడా అలాగే ఉండేది. మేడం ఆ గంట నిద్రపోవడం మానేసి కుర్చీలో కూర్చునేవారు. మూడు కొట్టగానే ఒకసారి గుమ్మం వైపు చూసేవారు, మిషను చప్పుడు మొదలవ్వాల్సిన సమయం కదా. నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. తిడితే నాకు కాస్త బరువు తగ్గేది. అదీ దక్కలేదు. షట్టరులోకి ఒక జిరాక్సు సెంటరు వచ్చింది. వాళ్ళకు అగ్రిమెంటు ఖాదర్ సాబే రాశాడు.

ఫలితాలొచ్చాయి. ఒప్పందాల చట్టంలో నేను తప్పాను. మిగతా అన్నీ పాసయ్యాను, అది ఒక్కటే పోయింది. లా చదువు అక్కడితో ఆపేశాను. మరుసటి ఏడు ఒక పరీక్షలో గట్టెక్కి వేరే జిల్లాలో చిన్న ఉద్యోగంలో చేరాను. పండగలకు మేడంకు ఫోన్ చేసేదాన్ని. "బాగనే ఉన్న" అనేవారు. అండాలక్క ఊసు ఎత్తడానికి ధైర్యం చాలేది కాదు. రెండేళ్ళు గడిచాయి.

మొన్న ఒక పెళ్ళికి హైదరాబాద్ వచ్చాను. సుల్తాన్ బజార్లో జాకెట్ గుడ్డ కొన్నాను. కొన్నాక తెలిసింది, నేను దాన్ని అండాలక్కతో తప్ప ఎవరితోనూ కుట్టించుకోలేనని. రాంనగర్‌లో ముగ్గురిని అడిగి, సందులో సందు తిరిగి, ఆ గది ముందుకు చేరాను. తిడితే తిట్టించుకుందామని లోపలికి అడుగుపెట్టాను.

అండాలక్క ఎవరికో భుజం కొలత తీస్తోంది. "పద్నాలుగున్నర" అంది. మూల కుర్చీలో కూర్చున్న ఒకావిడ కొలతల పుస్తకంలో 'పద్నాలుగున్నర' అని రాసుకుంటూ, "నడుము చెప్పు, తొందరగ" అంది. గుండ్రటి దస్తూరీ. తలెత్తితే విమల మేడం.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లల్లా ఉన్నారు ఇద్దరూ. కొలతలిస్తున్నామె మాత్రం చేతులు పైకెత్తుకుని అలాగే నిలబడి ఉంది.

"మేడం... మీరు ఇక్కడ?"

"వారానికి రెండు రోజులొస్త" అన్నారు మేడం, పెన్ను మూస్తూ. "ఏడాదిన్నర అయింది. వేరేటోళ్ళు కుట్టిన జాకెట్ భుజాల కాడ పట్టేసింది. వేసుకుని వచ్చి ఈమె ముంగట నిలబడ్డ. ఏమనలే. టేపు తీసింది."

"ఏడాదిన్నరా? ఎన్నిసార్లు ఫోన్ చేసిన నేను! ఒక్క మాట చెప్తే ఏమైతుండె? నేను ఎంత బాధపడ్డనో తెలుసా మేడం?"

గొంతు ఆగిందన్నాను చూడండి, అది ఇక్కడే. మేడం అండాలక్క వైపు చూశారు. అండాలక్క నోట్లోని గుండుసూదులు తీసి డబ్బాలో పెట్టింది.

"ఏం జేద్దం బిడ్డా, మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నం."

"ఏం ఒప్పందం?"

"నోటిమాటనే. ఒక్కటే షరతు."

"ఏంది అక్కా?"

అండాలక్క చెప్పలేక నవ్వేసింది. మేడమే చెప్పారు, తరగతిలో లెక్క జవాబు చెప్పినట్టు.

"'ఈ సంగతి సుజాతకు తెల్వద్దు' అని. తెలిస్తే వచ్చి రాసిస్తనంటవని భయమైంది."

నవ్వానో ఏడ్చానో నాకు తెలియదు. కొలతలిస్తున్నామె చేతులు దించి నాకు కుర్చీ లాగింది. ముక్కు తుడుచుకుని, అక్కడే, ఆ ముగ్గురి ఎదుట నిలబడి చెయ్యెత్తి ప్రమాణం చేశాను. సుజాత అనే నేను, పూర్తి తెలివితో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నదేమంటే, ఒకరినొకరు నమ్ముకున్న మనుషుల మధ్యలోకి ఇక ఏనాడూ కలం పట్టుకుని వెళ్ళను. కాగితం తప్పనిసరి అయినచోట, ఆ ఊరి చట్టం తెలిసినవాళ్ళ ఇంటికి దారి చూపించి, నేను ఆ దారిలో కూడా నిలబడకుండా తప్పుకుంటాను.

అండాలక్క టేపు మెడలో వేసుకుని, "చాలు చాలు, రా, కొలతలియ్యి" అంది. మేడం పుస్తకంలో కొత్త పేజీ తిప్పారు.

నమ్మకం కుదరలేదేమోనని, ఆ ప్రమాణం రాసిస్తానన్నాను.

ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.